వేదిక మీద ఏ కొలతల శరీరాలు నడిచాయో లెక్క చెప్పండి

లోదుస్తుల ఫ్యాషన్ ప్రదర్శనలు నిర్వహించే సంస్థలకు, మోడళ్లను ఎంపిక చేసే కాస్టింగ్ డైరెక్టర్లకు, మోడలింగ్ ఏజెన్సీల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

నమస్కారం.

నేను హైదరాబాదులో ఉంటూ ఆడవారి దుస్తుల కొలతల మీద పరిశోధన చేస్తున్న విద్యార్థినిని. న్యూయార్క్‌లోనూ మరికొన్ని నగరాల్లోనూ జరిగే లోదుస్తుల ప్రదర్శనల్లో ఎలాంటి శరీరాలున్న మోడళ్లు నడుస్తున్నారో, ఏటికేడాది అందులో ఎంత మార్పు వచ్చిందో లెక్క తీయడం నా పని. ఆ పని కోసం మీలో కొందరికి ఏడాదిన్నరగా ఉత్తరాలు రాస్తున్నాను. నేను అడిగింది పెద్ద రహస్యమేమీ కాదు. ఫలానా ప్రదర్శనలో వేదిక మీదికి వచ్చిన జతలు (ఒక మోడల్ ఒకసారి వేసుకుని నడిచే దుస్తులన్నీ కలిపి ఒక జత) ఎన్ని, వాటిలో ఏ సైజువి ఎన్ని? మోడళ్ల పేర్లు వద్దని మొదటి ఉత్తరంలోనే రాశాను. ఒక చోటి నుంచి నా ఆసక్తికి ధన్యవాదాలు చెబుతూ రెండు వాక్యాలు వచ్చాయి. మరో చోట ఆ వివరాలు గోప్యమన్నారు. మిగిలినవారు పలకలేదు. అందుకే ఇప్పుడు అందరికీ తెలిసేలా రాస్తున్నాను.

ఎక్కడో న్యూయార్క్‌లో జరిగే ప్రదర్శనతో హైదరాబాదులో ఉన్న ఈమెకేం పని అని మీకు అనిపించవచ్చు. దానికి జవాబుగా ఒక దుకాణంలో చూసింది చెబుతాను.

పోయిన వేసవిలో సుల్తాన్ బజార్‌లో ఒక చిన్న లోదుస్తుల దుకాణంలో కొలతల పట్టికలు రాసుకుంటూ కూర్చున్నాను. గోడ పొడవునా అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. పెట్టె మీద బొమ్మ మారుతుంది గానీ శరీరం మారదు: పొడవాటి కాళ్లు, లోపలికి పోయిన పొట్ట, ఎక్కడా మడత లేని నడుము. యాభై ఏళ్లుండే ఒకావిడ కూరగాయల సంచితో వచ్చి, కౌంటర్ మీదికి వంగి, పక్కవాళ్లకు వినబడకుండా "బాబూ, నలభై రెండు ఉందా?" అని అడిగింది. ఆ అబ్బాయి స్టూలెక్కి, పైవరసలో దుమ్ము పట్టిన పెట్టె ఒకటి దించాడు. ఆ సైజులో ఉన్నది ఒకటే రకం, ఒకటే రంగు. కింద వరసలో ఉన్న లేత గులాబీ రంగుది చూపించి అది ఇమ్మని అడిగింది. "ఆ సైజులో అవి రావమ్మా" అన్నాడు. ఆవిడ పెట్టె మీది బొమ్మను ఒక్క క్షణం చూసి, "ఇవన్నీ మనకెక్కడివిలే" అని, ఉన్నదే చుట్టించుకుని వెళ్లిపోయింది.

ఆ మాట ఆవిడ నోట ఎలా వచ్చిందో వెతుక్కుంటూ పోతే దారి మీ వేదికల దాకా వచ్చింది.

విక్టోరియాస్ సీక్రెట్ సంస్థ 1995లో న్యూయార్క్‌లోని ప్లాజా హోటల్‌లో మొదలుపెట్టిన ప్రదర్శన ఈ రంగానికంతటికీ కొలబద్ద అయింది. 2001లో అది మొదటిసారి టీవీకెక్కినప్పుడు అమెరికాలోనే కోటీ ఇరవై లక్షల మందికి పైగా చూశారు. రెక్కలు తగిలించుకుని నడిచిన ఆ మోడళ్ల దేహమే లోదుస్తులు వేసుకోదగిన దేహం అన్నట్టుగా ఒక తరం ఆడపిల్లలు పెరిగారు. 2014లో అదే సంస్థ ఒకే తరహా సన్నని శరీరాలను వరసగా నిలబెట్టి, వాటి మీద 'పర్ఫెక్ట్ బాడీ' అని రాసి ప్రకటన వేసింది. బ్రిటన్‌లో ముగ్గురు విద్యార్థినులు దాన్ని ప్రశ్నిస్తూ సంతకాల సేకరణ మొదలుపెడితే ముప్పై వేల మందికి పైగా సంతకాలు చేశారు. సంస్థ ఆ మాట మార్చింది. బొమ్మ మాత్రం మారలేదు.

2018 నవంబరులో ఆ సంస్థ మార్కెటింగ్ అధిపతి ఎడ్ రాజెక్, పెద్ద సైజు మహిళల కోసం 2000లో ఒక టీవీ కార్యక్రమం ప్రయత్నించామని, ఎవరికీ ఆసక్తి లేకపోయిందని, ఇప్పటికీ లేదని ఒక ముఖాముఖిలో అన్నారు. ట్రాన్స్ మహిళలకు కూడా తమ ప్రదర్శనలో చోటుండదన్న అర్థంలో మాట్లాడారు. అదే నెల 18న థర్డ్‌లవ్ అనే లోదుస్తుల సంస్థ న్యూయార్క్ టైమ్స్‌లో పూర్తి పేజీ బహిరంగ లేఖ అచ్చువేసి ఆ మాటలకు జవాబిచ్చింది. ఆసక్తి లేదని రాజెక్ అన్న ఆ ఏడాదే, ఆయన గొప్పగా చెప్పుకున్న ప్రదర్శన చూసినవాళ్లు దాదాపు 33 లక్షలకు పడిపోయారు. 2019 ఆగస్టులో ఆయన వైదొలిగారు. నవంబరులో ప్రదర్శన రద్దయింది.

ఈలోపు మరో దారి ఉందని చూపించినవాళ్లూ ఉన్నారు. 2018 సెప్టెంబరులో గాయని రిహానా తన సావేజ్ ఎక్స్ ఫెంటీ దుస్తులను బ్రూక్లిన్‌లో ప్రదర్శించినప్పుడు సన్నటివాళ్లు, లావుపాటివాళ్లు ఒకే వేదిక మీద కనిపించారు. నెలలు నిండిన స్లిక్ వుడ్స్ అనే మోడల్ అక్కడ నడిచి, అక్కణ్నుంచే పురిటి నొప్పులతో ఆసుపత్రికి వెళ్లింది. అంతకు ముందు, 2017 ఫిబ్రవరిలో, న్యూయార్క్ ఫ్యాషన్ వీక్‌లో అనాఓనో అనే సంస్థ జరిపిన ప్రదర్శన నా మనసులో ఇంకా లోతుగా నిలిచింది. అక్కడ నడిచినవాళ్లందరూ రొమ్ము క్యాన్సర్ బారిన పడిన మహిళలు. ఆ సంస్థను స్థాపించిన డానా డోనోఫ్రీ కూడా అదే జబ్బును ఎదుర్కొన్న మనిషి. శస్త్రచికిత్స తర్వాత తనకు సరిపడే లోదుస్తులు దొరక్కపోవడంతో తానే తయారు చేయడం మొదలుపెట్టింది.

2024 అక్టోబరు 15న విక్టోరియాస్ సీక్రెట్ ప్రదర్శన మళ్లీ మొదలైంది. ఆష్లీ గ్రాహం, పలోమా ఎల్సెసర్, జిల్ కోర్ట్‌లెవ్ లాంటివాళ్లు నడిచారు. ట్రాన్స్ మోడళ్లు తొలిసారి ఆ వేదికెక్కారు. ఇది చిన్న విషయమని నేను అనను. అయితే పెద్ద సైజు మోడళ్లకు మిగతావాళ్ల కంటే ఒళ్లు ఎక్కువ కప్పే దుస్తులు ఇచ్చారని ఆ రాత్రే చాలామంది ప్రేక్షకులు ఎత్తిచూపారు. ఆ మాట నిజమో కాదో తేల్చాలంటే లెక్క కావాలి. ఆ లెక్క మీ దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు.

నేను ఎలా లెక్కపెడతానో చెబుతాను. ప్రదర్శన వీడియోను ఆపి ఆపి చూస్తాను. నోటు పుస్తకంలో మూడు గడులు ఉంటాయి. ఎవరు నడిచారన్నది మొదటి గడి. కెమెరా ఆ మనిషి మీద ఎన్ని సెకన్లు నిలిచింది, పాదాల నుంచి తల దాకా చూపిందా లేక ముఖం దగ్గరే ఆగిపోయిందా అన్నది రెండోది. ఇచ్చిన జత ఒంటిని ఎంత కప్పింది అన్నది మూడోది. వేదిక మీద నడిచిన మనిషి ప్రసారంలో రెండే సెకన్లు కనబడితే చూసేవాళ్లకు ఆ మనిషి లేనట్టే. అందుకే తలలు లెక్కపెట్టి ఊరుకోను.

ఇంత చేసినా నా అంకె అంచనాయే. ఎత్తు మడమల చెప్పులు, దీపాల వెలుతురు, లోపల అంటించిన టేపులు కంటిని మోసం చేస్తాయి. ఏజెన్సీ కార్డు మీది కొలతలు ఎప్పుడు తీసుకున్నవో తెలియదు. పెద్ద సైజు మోడళ్లు కొందరు తుంటికీ ఛాతీకీ దూది మెత్తలు కట్టుకుని నడుస్తారన్నది ఈ రంగంలో అందరికీ తెలిసిన సంగతే. అసలు అంకె మీ ఫిట్టింగ్ గదిలో ఉంటుంది. ప్రతి మోడల్ ఫొటో, ఆమె వేసుకునే జత, వరస సంఖ్య బోర్డుకు అంటించే పెడతారు. ఆ బోర్డు మీద ఉన్నదాన్ని పేర్లు తీసేసి ఒక పట్టికగా రాస్తే గంట పని.

మామూలు దుస్తుల ప్రదర్శనల విషయంలో ఇలాంటి లెక్క బయట ఉంది. వోగ్ బిజినెస్ పత్రిక న్యూయార్క్, లండన్, మిలాన్, పారిస్ ప్రదర్శనలను సీజన్ సీజన్‌కూ లెక్కపెడుతూ వచ్చింది. 2025 వసంత, వేసవి దుస్తుల సీజన్‌లో 208 ప్రదర్శనల్లో 8,763 జతలు చూస్తే, అమెరికా దుస్తుల సైజు 14, ఆపైన ఉన్నవి 0.8 శాతం. 6 నుంచి 12 మధ్యవి 4.3 శాతం. మిగిలిన 94.9 శాతం 0 నుంచి 4 లోపు సైజులే. ఆ తర్వాతి సీజన్‌లో 14, ఆపై సైజుల వాటా 0.3 శాతానికి దిగిపోయింది. అమెరికాలో సగటు మహిళ సైజు 16 నుంచి 18 మధ్య ఉంటుందని 2016లో ఒక అధ్యయనం తేల్చింది. పెద్ద సైజులు లేకపోవడం ఒక్కటే కాదు, నడిమి సైజుల గడి కూడా దాదాపు ఖాళీగా ఉండటం చూడండి. చాలా సన్నగానో, బాగా లావుగానో లేని మనిషి, అంటే మన ఇళ్లలో ఎక్కువగా కనబడే మనిషి, అసలు లెక్కలోకే రావడం లేదు.

ఈ పరిస్థితికి మనుషుల ఇష్టాయిష్టాల కంటే పని జరిగే తీరు ఎక్కువ కారణమని నా నమ్మకం. ప్రదర్శనకు నమూనా జతలు ముందే కుట్టేస్తారు, అదీ ఒకే సైజులో. మోడళ్ల ఎంపిక ఆ తర్వాత జరుగుతుంది. కుట్టిన జతలో పట్టే మనిషినే పిలుస్తారు. బ్రాల విషయంలో ఆ మూల నమూనా సాధారణంగా 34బి, అంటే పట్టీ కొలత 34, కప్పు కొలత బి. మిగతా సైజులన్నీ దాని నుంచే, ఒక్కో మెట్టుకు ఇంత అని కొలత పెంచుకుంటూ గీస్తారు. 36 దాకా ఇది నడుస్తుంది. 42కు వచ్చేసరికి నడవదు. బరువు పెరుగుతుంది, కింది తీగ వంపు మారాలి, భుజం పట్టీ వెడల్పు కావాలి, పక్క పట్టీ ఎత్తు పెరగాలి, వెనక రెండు కొక్కేలు సరిపోయేచోట మూడో నాలుగో పెట్టాలి. వీటికి వేరే నమూనా, కుట్టింది ఒంటికి సరిపోయిందో లేదో వేసి చూడటానికి ఆ శరీరం ఉన్న వేరే ఫిట్ మోడల్ అవసరం. ఆ ఖర్చు పెట్టడానికి కారణం కనబడనంత కాలం దుకాణంలో "ఆ సైజులో అవి రావమ్మా" అనే మాటే వినబడుతుంది. 42 సైజు మనిషి వేదిక మీద నడవాలని ముందే నిర్ణయించుకుంటే ఆ నమూనా తయారు చేయక తప్పదు.

దీనివల్ల మామూలు మనుషులకు కలిగే నష్టాలు ఇవి:

1. సరిపడని బ్రా కేవలం అందానికి సంబంధించిన ఇబ్బంది కాదు. భుజాల మీద పట్టీ గాడులు పడతాయి, మెడ, వీపు నొప్పి పెడతాయి, రొమ్ముల కింద చెమట నిలిచి చర్మం ఒరుస్తుంది. రోజంతా నిలబడి పనిచేసే మహిళ ఆ నొప్పిని తన ఒంటి తప్పుగా భావించి భరిస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కల ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో అధిక బరువు లేదా ఊబకాయం ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. అదే సర్వేలో ఉండాల్సిన దానికంటే తక్కువ బరువున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 14.8 శాతం, తెలంగాణలో 18.8 శాతం. ఈ రెండు రకాల మహిళలూ ఒకే వీధిలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో ఉంటారు. సన్నగా ఉన్న ఆమెకు 28, 30 సైజులు దొరకవు, లావుగా ఉన్న ఆమెకు 42 దొరకదు. ఇది సన్నటివాళ్లను తప్పుపట్టే లేఖ కాదని దీన్నిబట్టే మీకు అర్థం కావాలి.

2. మొదటిసారి బ్రా కొనుక్కునే పన్నెండు, పదమూడేళ్ల పిల్ల తన శరీరాన్ని మొదట పోల్చుకునేది పెట్టె మీది బొమ్మతోనే. ఇంట్లో ఈ విషయాలు నోరు విప్పి చెప్పేవాళ్లు తక్కువ. అమ్మ కూడా గొంతు తగ్గించి మాట్లాడుతుంది. అలాంటి పిల్లకు ఫోనులో కనబడే మీ ప్రదర్శనే పాఠం అవుతుంది.

3. మోడళ్ల ప్రాణాలు పోయాయి. 2006 ఆగస్టులో ఉరుగ్వేలో లూయిసెల్ రామోస్ ప్రదర్శనలో నడిచి వచ్చి కుప్పకూలింది, వయసు 22. అదే ఏడాది నవంబరులో బ్రెజిల్‌లో అనా కరోలినా రెస్టన్ తిండి మానేసే జబ్బుతో చనిపోయింది, వయసు 21. ఆ ఏడాదే మాడ్రిడ్ ప్రదర్శనలో బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూపే అంకె) 18 కంటే తక్కువ ఉన్న మోడళ్లను నిలిపేశారు. ఇజ్రాయెల్ 2012లో ఇలాంటి చట్టం చేసింది. ఫ్రాన్స్‌లో 2017 నుంచి మోడల్ ఆరోగ్యంగా ఉందన్న వైద్యుడి ధ్రువపత్రం తప్పనిసరి. మంచివే. కానీ ఈ చట్టాలు ఇంతకంటే చిక్కిపోకూడదని మాత్రమే చెబుతాయి. మిగతా శరీరాలకు చోటివ్వమని ఏ చట్టమూ చెప్పడం లేదు.

4. రొమ్ము తీసేసిన మహిళ, కాన్పు తర్వాత పొట్ట వదులైన మహిళ, ఒంటి మీద కాలిన మచ్చలున్న మహిళ లోదుస్తులు వేసుకోకుండా ఉండరు. శస్త్రచికిత్స అయిన తర్వాత లోపల జేబు ఉండే బ్రా ఒకటి ఉంటుందన్న సంగతే తెలియక పాత బ్రాలో గుడ్డలు కుక్కుకుని తిరిగే వారున్నారు. అలాంటి శరీరం ఒక్కసారి వేదిక మీద కనబడితే, తనకు కావలసిన వస్తువు పేరేమిటో ఆమెకు తెలుస్తుంది.

5. పెద్ద సైజు మోడళ్ల బతుకుతెరువు. ఒక ఏడాది పిలిచి, ఫొటోలు తీసి, మరుసటి ఏడాది పిలవకపోతే వారు ఎవరిని అడగాలి? పిలిచిన కొద్దిమంది కూడా దాదాపు ఒకే తరహా: అయిదడుగుల తొమ్మిదంగుళాల ఎత్తు, సన్నని నడుము, చదునైన పొట్ట. పొట్టిగా ఉండి పొట్ట ఉన్న మనిషికి ఇప్పటికీ తలుపు తెరుచుకోలేదు.

ఇవన్నీ ఆలోచించి, మీ ముందు ఈ కోరికలు పెడుతున్నాను.

1. ప్రతి ప్రదర్శన ముగిసిన ముప్పై రోజుల్లోగా వేదికెక్కిన జతల సంఖ్యను సైజులవారీగా ప్రకటించండి. బ్రాకు పట్టీ కొలత, కప్పు కొలత విడివిడిగా ఇవ్వండి. ఏ మోడల్ పేరూ, వ్యక్తిగత వివరమూ అక్కర్లేదు.

2. మోడళ్ల ఎంపికకు ముందే కనీసం మూడు వేర్వేరు మూల సైజుల్లో నమూనాలు కుట్టించండి. మనిషిని బట్టి జత ఉండాలి గానీ, జతను బట్టి మనిషిని వెతకకూడదు.

3. వేదిక మీద చూపించిన ప్రతి రకాన్నీ మీరు అమ్మే అన్ని సైజుల్లోనూ అదే రోజున, అదే ధరకు, అవే రంగుల్లో అమ్మకానికి పెట్టండి. సుల్తాన్ బజార్‌లో ఆవిడ అడిగింది ఇంతే.

4. పెద్ద సైజు మోడళ్లకు వేరే తరహా దుస్తులు ఇవ్వడం మానండి. మెత్తలు కట్టిస్తే ఆ సంగతి ప్రకటించండి.

5. ఫ్రాన్స్‌లో చట్టం అడుగుతోంది కాబట్టి ఇస్తున్న వైద్య ధ్రువపత్రాన్ని చట్టం లేని చోట కూడా పాటించండి.

6. పాత ప్రదర్శనల వివరాలను, పేర్లు తొలగించి, పరిశోధకులకు అందుబాటులో ఉంచండి. విశ్వవిద్యాలయాల నైతిక సంఘాలు పెట్టే షరతులన్నిటికీ మేము కట్టుబడి ఉంటాం.

మన దేశంలో లోదుస్తులు తయారు చేసి అమ్మే సంస్థలకు విడిగా ఒక మాట. కేంద్ర జౌళి శాఖ, జాతీయ ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్ కలిసి ఇండియాసైజ్ పేరుతో కొలతల సర్వే చేపట్టాయి. హైదరాబాదు సహా ఆరు నగరాల్లో, 15 నుంచి 65 ఏళ్ల మధ్య ఉన్న పాతిక వేల మంది శరీరాలను త్రీడీ స్కానర్లతో కొలవడం ఆ పథకం ఉద్దేశం. అమెరికా, బ్రిటన్ కొలతల మీద ఇన్నాళ్లూ కుట్టుకుంటూ వచ్చిన మనకు సొంత కొలతల పట్టిక ఉండాలన్నదే దాని వెనక ఆలోచన. పాతిక వేల మంది ముందుకొచ్చి తమ కొలతలు ఇచ్చే పథకం ఉన్న దేశంలో, వంద జతలైనా ఉండని ఒక ప్రదర్శన లెక్క చెప్పడం భారం కాదు. భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా, ఒక మూసలో ఉన్న శరీరం ఉంటేనే మనిషికి సంతోషమన్న భావన కలిగించకూడదని చెబుతున్నాయి. మీ పెట్టెల మీది బొమ్మలను ఆ మాటతో ఒకసారి సరిచూసుకోండి. 2016లో ముంబయిలో లాక్మే ఫ్యాషన్ వీక్‌లో పెద్ద సైజు మోడళ్లతోనే ఒక ప్రదర్శన జరిగింది. దానికి శిల్పా చవాన్ దుస్తులు రూపొందించారు. కాబట్టి ఇది మనకు చేతకాని పని కాదు.

ఈ లేఖ ప్రతిని మీ చిరునామాలకు మళ్లీ పంపుతున్నాను. వచ్చే ప్రదర్శన రాత్రి, ఇక్కడ తెల్లవారుజాము అవుతుంది, నేను ఎప్పటిలాగే నోటు పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంటాను. ఈసారి పుస్తకంలో నాలుగో గడి గీశాను. నా అంచనా పక్కన, మీరు పంపే అసలు అంకె రాయడానికి.

ఇట్లు,
దుస్తుల కొలతల మీద పరిశోధన చేస్తున్న ఒక విద్యార్థిని,
హైదరాబాదు